జపాను సినిమా ఆడిన మూడు రోజులు

పోయిన వేసవిలో మా చెల్లెలి మనవరాలు కడపకు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. డిగ్రీ చదివే పిల్ల. మధ్యాహ్నం పూట మంచం మీద బోర్లా పడుకొని ఫోనులో ఏదో బొమ్మల సినిమా చూస్తోంది. నేను పక్కన కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నాను.

"అవ్వా, ఇది జపానోళ్ళ పాత కథ. ఒక వీరుడు రాక్షసి చెయ్యి నరికి పెట్టెలో దాచిపెడతాడు. తర్వాత ఏమవుతుందో చెప్పుకో చూద్దాం" అంది.

"ఆ రాక్షసి వాణ్ణి పెంచిన పెద్దమ్మ రూపంలో వస్తాది. పెట్టె తెరిపించుకొని, చెయ్యి ఎత్తుకొని పోతాది" అన్నాను.

పిల్ల ఫోను ఆపి నా ముఖం చూసింది. నీకెట్ల తెలుసంది. చూసినాలే, నీ ఈడులో సగం కూడా లేనప్పుడు అన్నాను. ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే చెప్పడం మొదలుపెట్టాను గానీ, మామ సంగతి వచ్చేసరికి ఆమెకు స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోను వచ్చి లేచి వెళ్ళిపోయింది. ఆ పూట ఆగిపోయినది ఇక్కడ రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా పడమటి పక్క, కోసిగికీ ఆదోనికీ నడుమ రైలు ఆగే ఒక ఊరు. నల్లరేగడి నేల. పత్తి, జొన్న, కొర్ర, కొంచెం చెనిక్కాయ. వాన పడిన ఏడు పంట, పడని ఏడు సుగ్గి. సుగ్గి అంటే పిల్లాజెల్లను వెంటబెట్టుకొని నీళ్ళున్న ఊళ్ళకు కోతలకు పోవడం. అట్లా పోయినవాళ్ళు ఉగాది దాటాక ఒక్కొక్క ఇల్లే తిరిగివచ్చేవారు. తాళాలు తీసిన ఇళ్ళలోంచి మూసిపెట్టిన మట్టివాసన వచ్చేది. అందరూ వచ్చారనుకున్నాక, చేలల్లో పని లేని ఆ రోజుల్లో, స్టేషను వెనక బయల్లో టూరింగు టాకీసు టెంటు లేచేది.

టెంటు వచ్చిందంటే మాకు మొదట తెలిసేది వాసనతోనే. ఆయిలింజను పొగ, తడిపిన నేల, మిరపకాయ బజ్జీల నూనె, వీటన్నిటి మీదుగా బొరుగుల అవ్వ భట్టీలోంచి వచ్చే వేడి ఇసుక వాసన. బొరుగుల అవ్వ ఇల్లు మా ఇంటికి మూడిళ్ళ అవతల. ఇనుప బాణలిలో ఇసుక కాచి, అందులో బియ్యం పోసి, తాటిమట్టతో రెండుసార్లు తిప్పితే చాలు, తెల్లగా పొంగి పైకి వచ్చేవి. జల్లెడలో ఇసుక రాల్చి బొరుగులు గంపలో పోసేది. పొద్దున మా ఊళ్ళో బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేయని ఇల్లు లేదు గనుక, ఆమె ఇంటికి పోని మనిషీ లేడు. సాయంత్రం గంప నెత్తిన పెట్టుకొని టెంటు వాకిట్లో కూర్చునేది. లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు, ఇంట్లో గింజ లేని ఏడు, మా మామతో కలిసి పట్టాళంలో చేరాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బడి. ఇద్దరూ సింగపూరు దాకా పోయారు, అక్కడ జపాను వాళ్ళకు పట్టుబడ్డారు. యుద్ధం అయిపోయాక మామ తిరిగివచ్చాడు. అవ్వ కొడుకు రాలేదు. ఆచూకీ లేదని సర్కారు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆచూకీ లేదంటే చనిపోయాడని కాదు గదా అని అవ్వ వాదించేది. ప్రతి దసరాకూ మా ఇంటికి వచ్చి మామను అడిగేది.

"నువ్వు యాడన్నా చూసింటివా నాయనా?"

"లేదు పెద్దమ్మా. వాణ్ణొక క్యాంపుకు, నన్నొక క్యాంపుకు తీసకపోయిరి. నేను చూడలేదు."

అంతే. ఆమె అమ్మ పెట్టిన పూర్ణం ఓళిగ కొంగులో కట్టుకొని వెళ్ళిపోయేది. మామ ఆ పూట అన్నం తినేవాడు కాదు. పండగ పూట ఎక్కువ తిన్నాడేమో అనుకునేదాన్ని నేను.

మామ మా ఇంట్లోనే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. స్టేషను దారిలో సైకిలు షాపు. తక్కువ మాట్లాడేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన రాళ్ళుప్పు ఉండేది. పని చేస్తూ చేస్తూ ఒక పలుకు తీసి నాలుక మీద వేసుకునేవాడు. మాకు బెల్లం ఎట్లాగో ఆయనకు ఉప్పు అట్లా అని అమ్మ అనేది. ఇంకొకటి, చక్రాల్లో వేసే బేరింగు గుండ్లు లెక్కపెట్టేటప్పుడు తెలుగులో లెక్కపెట్టేవాడు కాదు. ఇచి, ని, సన్, షి, గో, రోకు అనేవాడు. అది నేను నేర్చుకొని గచ్చకాయల ఆటలో వాడేదాన్ని. నాతో ఆడే ఆడపిల్లలందరికీ అంటింది. మా వీధిలో అమ్మాయిలు జపాను లెక్కలో గచ్చకాయలు ఎగరేస్తుంటే దారిన పోయేవాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు టెంటు తెచ్చినది బళ్ళారి వైపు నుంచి వచ్చిన ఒక సాయిబు. భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. మొదట రెండు దేవుళ్ళ సినిమాలు ఆడించాడు. మూడోదీ దేవుళ్ళదే రావాలి. రైల్లో రీళ్ళ పెట్టె దిగింది. తెరిచి చూస్తే అందులో జపాను సినిమా ఉంది. దారిలో ఎక్కడో పెట్టెలు తారుమారయ్యాయి. సరైనది రావడానికి మూడు రోజులు పడుతుందని తెలిసింది. మూడు రోజులు టెంటు మూసుకోలేక, సాయిబు దాన్నే ఆడిస్తానన్నాడు. రాక్షసులు, కత్తియుద్ధాలు, గుర్రాలు అని బండి మీద టముకు కొట్టించాడు. జనం విరగబడి వచ్చారు.

మొదటి రోజు నేను మా అమ్మతో ఆడవాళ్ళ వైపు, నేల మీద కూర్చున్నాను. తెర మీద వాన. కూలిపోయిన పెద్ద వాకిలి. మనుషులు పావుకోళ్ళు వేసుకొని టకటక నడుస్తున్నారు. మగవాళ్ళకు నడినెత్తిన జుట్టు ముడి ఉంది. ఒకామె నవ్వితే పళ్ళు నల్లగా కనపడ్డాయి. మా వెనకనున్న ముసలామె "వక్కాకు దండిగా తింటాదేమో" అంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నారు. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చిపోతున్నాయి. సాయిబు మా హైస్కూలు సారును పిలిపించి, తగరపు గొట్టం చేతికిచ్చి చదివి చెప్పమన్నాడు. సారు కళ్ళజోడు సర్దుకొని, "నీవు ఎవరవు? ఇచటికి ఏల వచ్చితివి?" అని ఒకటి చెప్పేలోపల తెర మీద ఇద్దరు చచ్చిపోయారు. ఎవరు ఎవరిని చంపారో తెలియలేదు. జనం ఈలలు వేశారు. తెర మీదికి మట్టిబెడ్డలు పడ్డాయి. సారు గొట్టం కింద పెట్టి ఇంటికి పోయాడు.

మరుసటి పొద్దున మేం పిల్లలం టెంటు దగ్గర మూగాం. రీళ్ళు అతికేటప్పుడు కత్తిరించి పారేసే ఫిల్ము ముక్కల కోసం రోజూ పోయేవాళ్ళం. వెలుతురుకు ఎత్తి చూస్తే అందులో మనుషులు కనపడేవారు. సాయిబు స్టూలు మీద దిగులుగా కూర్చొని ఉన్నాడు. నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఎట్లాగైనా తీసుకోవాలని, "మా మామకు జపాను మాటలొస్తాయి" అన్నాను.

సాయిబు నమ్మలేదు. నేను ఇచి, ని, సన్ అని పది వరకు చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. నాకు గుప్పెడు ఫిల్ము ముక్కలు ఇచ్చి, "మీ మామ యాడుంటాడు బేటీ?" అన్నాడు.

నేనే దారి చూపిస్తూ షాపుకు తీసుకుపోయాను.

మామ చక్రం బిగిస్తూ తల ఎత్తకుండానే విన్నాడు. "నాకు రాదు భాయ్" అన్నాడు. "లెక్క వస్తాది. తిట్లు వస్తాయి. నీళ్ళడిగే మాట వస్తాది. అంతే."

"అంతే చాలప్పా. మిగతాది చూస్తే తెలుస్తాది. నా మాట విను, మెహర్బానీ చెయ్యి. ఈ పొద్దు గూడా ఎవరూ చెప్పకపోతే జనం నా గుడారం పీకుతారు."

మామ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను ఫిల్ము ముక్కలు వెనక దాచుకున్నాను. చక్రాన్ని గిర్రున తిప్పి వదిలి, "ఒకసారి చూసినాక చెప్తా" అన్నాడు.

మధ్యాహ్నం సాయిబు టెంటు పక్కగుడ్డలన్నీ దించి, లోపల చీకటి చేసి, మామ ఒక్కడికే ఆడించాడు. పట్టాళంలో నేర్చుకున్న కాస్త ఇంగ్లీషుతో కింది అక్షరాలు కూడా మామ కూడబలుక్కున్నాడట. మామ సాయంత్రం ఇంటికి వచ్చి తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటూ శానాసేపు ఉన్నాడు. అమ్మ తువ్వాలు తీసుకొని పోయింది.

"ఏంటికొచ్చిన తంటా నీకు? రాదని చెప్పి పంపియ్యి."

"చెప్తాలే అక్కా. కథ బాగుండాది." ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "మూడేండ్లకు పైన ఉంటి వాళ్ళ దగ్గర. వాళ్ళ అమ్మలను నేనెప్పుడూ చూడల్యా. వాళ్ళకూ ముసలోళ్ళుంటారు."

ఆ రాత్రి మొదటి ఆటకు తగరపు గొట్టం పట్టుకొని మామ సినిమా మిషను పక్కన పీట మీద కూర్చున్నాడు. ఇంట్లో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి అంత బాగా చెప్పగలడని మాకెవరికీ తెలియదు. చదివి చెప్పినట్టు కాదు, మా వీధి అరుగు మీద కూర్చొని చెప్పినట్టు చెప్పాడు.

"ఇది వాళ్ళ పాత రాజధాని. వాకిలి కూలిపోయుండాది, చూడండి. పొద్దు మునిగితే ఈడికి ఎవరూ రారు. ఏంటికంటే పైన రాక్షసి ఉండాది. ఈ గుర్రం మీదున్నోడు దొర దగ్గర కత్తిబంటు. పందెం కట్టి వస్తాండాడు."

రాక్షసి మబ్బులోంచి చెయ్యి చాచి బంటు జుట్టు పట్టుకుంది. బంటు కత్తి దూసి ఆ చెయ్యి నరికాడు. టెంటంతా అరిచింది. ఆ చెయ్యిని ఇంటికి తీసుకుపోయి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఏడు రోజులు ఎవరు అడిగినా తలుపు తీయకూడదని వాళ్ళ అయ్యవారు చెప్పాడని మామ అన్నాడు. ఏడో రోజు ఒక ముసలామె కర్ర పట్టుకొని వానలో తడుస్తూ వచ్చి తలుపు తట్టింది.

"ఈమె వాణ్ణి పెంచిన పెద్దమ్మ. తల్లి లేనోన్ని సాకింది" అన్నాడు మామ. ముసలామె ఏదో అంది. ఆ మాటలో 'మిజు' అని వినపడింది. మామ "నీళ్ళడుగుతాంది" అన్నాడు. తర్వాత గబగబా మిగతాది చెప్పేశాడు. వాడు తలుపు తీయడం, ఆమె పెట్టెలోది చూపించమనడం, వాడు తెరవడం, ఆమె రాక్షసిగా మారి చెయ్యి ఎత్తుకొని ఇంటికప్పు చీల్చుకొని పోవడం.

జనం చప్పట్లు కొట్టారు. సాయిబు మామను కావలించుకున్నాడు. నేను మా ఆడపిల్లల మధ్య రాణి మాదిరి ఇంటికి నడిచాను.

మూడో రోజు పొద్దున అమ్మ నన్ను బొరుగులకు పంపింది. అవ్వ భట్టీ దగ్గర చెమటలు కక్కుతూ ఉంది. సినిమా ఎట్లుందని ఊరికే అడిగింది. నేను కథ మొత్తం చెప్పాను. ఎంత చెప్పినా ఆమె అడుగుతున్నది కథ గురించి కాదు. వాళ్ళు ఎట్లుంటారు, ఏం తింటారు, ఇండ్లు ఎట్లుంటాయి, ఇవే అడిగింది. నాకు విసుగొచ్చింది. లేదా పెద్దదాన్నయినట్టు అనిపించిందేమో, సరిగా గుర్తులేదు. నేనన్న మాట మాత్రం గుర్తుంది.

"నువ్వే వచ్చి చూడు అవ్వా. మీ వాడుండే దేశమే గదా. జనంలో యాడన్నా కనపడతాడేమో."

అవ్వ తాటిమట్ట తిప్పడం ఆపింది. "కనపడతాడా?" అంది.

"ఏమో. శానామంది వస్తారు తెర మీద."

బొరుగులు కొంగులో పోసుకొని ఆ మాట మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం అవ్వ గంప లేకుండా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. టిక్కెట్టు తీసుకొని నేల మీద అందరికంటే ముందు, తెరకు నాలుగు గజాల దూరంలో కూర్చుంది. ఆమె పక్కన ఉంటే మంచిదని అమ్మ నన్ను పంపింది. ఆట మొదలైంది. తెర మీద సంత వస్తే అవ్వ లేచి నిలబడేది. వెనకవాళ్ళు అరిస్తే కూర్చునేది. దొర సైన్యం నడిచిపోతుంటే ఒక్కొక్క ముఖాన్నీ వేలితో చూపిస్తూ పోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒకసారి నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "అగో, వాడు?" అంది. వాడు బరువు మోసే కూలి. అటు తిరిగి ఉన్నాడు. తిరిగాడు. అవ్వ చెయ్యి వదిలేసింది. నేనన్న మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది. అబద్ధం చెప్పానని చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే మళ్ళీ తెర వైపు తిరిగింది.

మామకు అవ్వ లోపల ఉన్న సంగతి తెలియదు. మిషను పక్కనుంచి ఆయనకు తలలు మాత్రమే కనపడతాయి. కథ నిన్నటి మాదిరే చెబుతున్నాడు. ముసలామె వచ్చి తలుపు తట్టింది. మిజు అంది.

"నీళ్ళడుగుతాంది" అన్నాడు మామ.

ఆ తర్వాత తెర మీద ముసలామె ఏడుస్తూ శానా మాటలంది. తెర నిండా జోరువాన. అవ్వ వెనక్కి తిరిగి, నిండు టెంటులో గట్టిగా అడిగింది.

"ఏమంటాంది నాయనా ఆ ముసల్ది?"

మామకు ఆ గొంతు తెలుసు. గొట్టంలోంచి ఆయన ఊపిరి పెద్దగా వినపడింది.

"నాకు చూపియ్యి అంటాంది పెద్దమ్మా."

"మరి ఏంటికి చూపియ్యడు వాడు?"

"భయం."

"సాకినామె దగ్గర భయమేంటికి?"

జనం నవ్వారు. అవ్వ నవ్వించడానికి అడగలేదు. మామ గొట్టం పీట మీద పెట్టిన చప్పుడు వినపడింది. వెనక్కి తిరిగి చూసేసరికి పక్కగుడ్డ ఎత్తుకొని బయటికి పోతున్నాడు. మిగిలిన కథ అందరికీ తెలిసిందే గనుక, జనమే ఒకరికొకరు చెప్పుకున్నారు. అవ్వ చివరి దాకా కూర్చుంది. లైటు వేశాక కూడా తెల్లటి తెరను చూస్తూ కూర్చుంటే అమ్మ వచ్చి లేపింది.

మరుసటి పొద్దున మామ షాపు తెరవలేదు. సీదా అవ్వ ఇంటికి పోయాడు. నేను చెప్పిన అబద్ధానికే పోతున్నాడనుకొని, ముందుగా నేనే చెప్పుకుందామని వెంటపడ్డాను. మామ నన్ను వెనక్కి పంపలేదు. అవ్వ భట్టీ అంటించి ఇసుక కాస్తోంది. మామ వాకిట్లోనే గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, వాడు నా పక్కనే పాయె."

అవ్వ బియ్యం పోసింది. "ఎప్పుడు?"

"పట్టుబడిన రెండో ఏడు. ఎండలప్పుడు."

"నువ్వు చూస్తివా?"

"చూస్తి."

ఆమె తాటిమట్ట తిప్పింది. బియ్యం పేలి పైకి వచ్చాయి. జల్లెడలో పోసి, ఇసుక రాల్చి, బొరుగులు గంపలో పోసింది. అప్పుడు భట్టీలోంచి కట్టె వెనక్కి లాగి, ఎదురుగా కూర్చుంది.

"చెప్పు."

మామ చెప్పాడు. పట్టుబడినవాళ్ళను ఓడలో ఒక దీవికి తీసుకుపోయారట. అక్కడ చెట్లు కొట్టాలి, రాళ్ళు మోయాలి. తిండి గంజే. అందులో ఉప్పు ఉండదు. ఉప్పు లేక కాళ్ళు పట్టుకుపోయి మనుషులు లేవలేకపోయేవారు. లేవలేనివాణ్ణి ఒక పాకలో పడేస్తారు, అక్కడినుంచి ఎవరూ తిరిగి రారు. మామకు జ్వరం వచ్చి లేవలేకపోయాడు. అవ్వ కొడుకు వాళ్ళ సరుకుల ఉగ్రాణంలోంచి గుప్పెడు ఉప్పు దొంగిలించి తెచ్చి గంజిలో కలిపి తాగించాడు. ఒకసారి తెచ్చాడు. రెండోసారి తెచ్చాడు. మామ లేచి నిలబడ్డాడు. మూడోసారి దొరికిపోయాడు.

"పొద్దునపూట వరసలో నిలబెట్టి లెక్క చెప్పిస్తారు పెద్దమ్మా. నేను షి అనాల, వాడు గో అనాల. నాలుగు, ఐదు. ఆ వరస ముందరే వాణ్ణి ఎండలో నిలబెట్టిరి. రెండు దినాలు. మిజు మిజు అని నీళ్ళడిగె. వాళ్ళను అడిగె. తర్వాత నన్ను అడిగె. నేను కదిలితే కాలుస్తారు. నేను కదల్లేదు. మూడో పొద్దు లెక్కలో గో అని ఇంకెవడో అనె."

వీధిలో ఎవరో ఎద్దులను తోలుకొని పోయారు. అవ్వ వాటినే చూసింది.

"ప్రతి దసరాకూ అడిగితి" అంది. "అడిగినప్పుడంతా చూడలేదంటివి."

"అంటి."

"వాడు తెచ్చిన ఉప్పు నువ్వు తింటివా?"

"తింటి పెద్దమ్మా."

"వాడు తినలేదా?"

"తినె. నాకు ఎక్కువ పోసి, వాడు తక్కువ తినె."

అవ్వ గంపలోని బొరుగులను చేత్తో సర్దింది. అప్పుడు అంది: "చిన్నప్పుడు నా గంపలో బొరుగులు జోబీ నిండా పోసుకొని బడికి పోతా ఉండె. ఎవరికిరా అంటే చెప్తా ఉండలేదు. కొడితే గూడా చెప్పలేదు. నీకేనా?"

"నాకే."

ఆమె తల ఊపింది. "ఇంగ పో" అంది.

మేం లేచాం. గడప దాటుతుంటే వెనకనుంచి, "వానికి కర్మ చేసేటోళ్ళు లేరు. నువ్వు చెయ్యి" అంది. మామ గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, నడిచాడు.

ఆ వారంలోనే తుంగభద్ర ఒడ్డున పిండం పెట్టారు. మామ గుండు చేయించుకున్నాడు. అవ్వ కూడా బండిలో వచ్చింది గానీ, దూరంగా ఇసుకలో కూర్చుంది. తిరుగుదారిలో మామతో మాట్లాడలేదు. ఆ తర్వాత రెండేళ్ళు మాట్లాడలేదు. నేను పోతే బొరుగులు పోసేది. మామ ఎదురైతే దారి మారేది. ఆమె చేసింది తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు, మామ అసలే అనలేదు. దసరా పూట మాత్రం అమ్మ ఓళిగలు ఆకులో చుట్టి నాతో పంపించేది. అవ్వ తీసుకునేది. మూడో ఏడు దసరాకు తానే వచ్చి మా అరుగు మీద కూర్చొని, మామను పేరు పెట్టి పిలిచింది. షాపులో పని ఎట్లుందని అడిగింది. ఆ మధ్యాహ్నం మామ భోజనం చేశాడు. అమ్మ వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంటే, ఉల్లిగడ్డలు కోసినా అంది.

సాయిబు మరి మా ఊరికి రాలేదు. సరైన పెట్టె నాలుగో రోజు వచ్చింది, దేవుళ్ళ సినిమా వారం ఆడింది, టెంటు పీకి బళ్ళకెత్తుకొని ఆత్మకూరు వైపు పోయాడని విన్నాం. ఆ బయల్లో ఇప్పుడు గోదాములున్నాయి. బొరుగులు ఇప్పుడు సంచుల్లో మిషను మీదినుంచి వస్తాయి. గచ్చకాయలు ఎగరేసే పిల్లలను నేను చూసి శానా ఏళ్ళయింది.

నేను టీచరు ట్రైనింగుకు కడపకు పోయే ముందురోజు అందరికీ చెప్పి రావడానికి పోయాను. అవ్వకు అప్పటికే చూపు మందగించింది. ఊరకే కూర్చొని ఉంది. ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకున్నది ఆ పూట చెప్పాను.

"అవ్వా, ఆ సినిమాలో మీ వాడు కనపడతాడని నేను ఊరికే అన్న్యా. అబద్ధం."

"తెలుసులే" అంది. "చిన్నదానివి. కనపడడని నాకు మాత్రం తెల్దా?"

"మరి ఏంటికి వస్తివి?"

అవ్వ నా ముఖం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చూసింది. "పొద్దున నువ్వు చెప్పినప్పటినుంచి, రాత్రి ఆట అయిపోయేదాకా వాడు బతికే ఉండె పాపా. ఆ ఒక్క దినం. మళ్ళ పొద్దున మీ మామ వచ్చె."

 ఆమె గోడ పట్టుకొని లేచి, కడపలో నీళ్ళు బాగుంటాయా అని అడుగుతూ, నాకు బొరుగులు పోసియ్యడానికి చేట కోసం లోపలికి పోయింది.